ముద్దనూరు కూడలి



శీర్షిక చూచి ఇదేదో ప్రయాణ వృత్తాంతమని వచ్చినవారు మన్నించవలెను. ఇది రసాయన శాస్త్రం గురించిన టపా. తెలుగు పండితునికి రసాయన శాస్త్రంతో ఏమి పని అని నవ్వగల మిత్రులు నాకు ఇద్దరు ముగ్గురున్నారు. వారికి సమాధానం నడుమ ఎక్కడో దొరుకుతుంది. మన పాత బ్లాగరులకు కూడలి అనగానే మరొక కూడలి జ్ఞాపకం వచ్చును గాని, నేను చెప్పబోయేది కడప జిల్లాలో నాలుగు దారులు కలిసే ముద్దనూరు.

ముందు మాట సంగతి. ఐసోమెరిజమ్ అనే పదాన్ని స్వీడన్ దేశపు రసాయనవేత్త బెర్జీలియస్ 1830లో గ్రీకు మాటల నుండి కూర్చినాడు. ఐసోస్ అనగా సమానం, మెరోస్ అనగా భాగం. రెండు పదార్థాలలో అవే మూలకాలు అంతే సంఖ్యలో ఉండి, గుణాలు మాత్రం వేరైతే వాటికి ఈ పేరు. మన పాఠ్యపుస్తకాలలో దీనిని అణుసాదృశ్యం అన్నారు. నా పండిత బుద్ధికి ఈ అనువాదం మీద చిన్న ఫిర్యాదు ఉన్నది. సాదృశ్యమనగా పోలిక. ముఖం చంద్రునివలె ఉన్నదన్నప్పుడు ఉండేది సాదృశ్యం. ముఖంలోని సరకు వేరు, చంద్రునిలోని సరకు వేరు, పైకి కనిపించే కాంతి మాత్రం ఒకటి. ఇక్కడ వ్యవహారం తలక్రిందులు. సరకంతా ఒకటే, పోలికే లేదు. సమాంగమనో సమభాగమనో అని ఉంటే పిల్లలకు మాటలోనే సగం అర్థం దొరికేది. అయినను పరీక్షలో వ్రాయవలసిన పేరు అదే గనుక నేనూ అదే వాడుతాను.

పోలిక లేకపోవడమంటే ఎంతగా లేకపోవడమో ఒక్క ఉదాహరణ. 1820ల నడుమ జర్మనీకి చెందిన ఇద్దరు యువకులు, వోలర్, లీబిగ్ అనేవారు, చెరొక వెండి లవణాన్ని పరిశీలించినారు. వోలర్ చూచినది సిల్వర్ సయనేటు. లీబిగ్ చూచినది సిల్వర్ ఫల్మినేటు. రెండింటిలోనూ వెండి, కర్బనం, నత్రజని, ఆమ్లజని ఒక్కొక్క పరమాణువు వంతున ఉన్నవి. మొదటిది నెమ్మదైన పదార్థం, రెండవది కాస్త రాపిడి తగిలితే పేలిపోతుంది. ఒకే సరకుతో రెండు వస్తువులు ఎట్లుండునని ఒకరి లెక్కను ఒకరు శంకించినారు. చివరకు ఇద్దరి లెక్కలూ సరియైనవేనని తేలినది. ఆపైన ఇద్దరూ జీవితాంతం స్నేహితులైనారు. సాహిత్య వివాదాలు ఇట్లా ముగియడం నేనెరుగను.

ఇక నేను ఇందులోకి ఎట్లా వచ్చినానో చెప్పవలెను.

ప్రొద్దుటూరులోను, పులివెందులలోను ఉన్నత పాఠశాలలలో ముప్పది ఏండ్లకు పైగా తెలుగు చెప్పి, పదవీ విరమణ తరువాత జమ్మలమడుగులో స్థిరపడినాను. మా వీధిలో మగ్గం నేసే ఇల్లు ఒకటి ఉన్నది. ఆ ఇంటి అమ్మాయి పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, మంచి మార్కులతో గట్టెక్కి, 2018లో ప్రొద్దుటూరులోని ఒక ప్రైవేటు కళాశాలలో బైపీసీలో చేరినది. అక్కడ అంతా ఇంగ్లీషు. మొదటి పెద్ద పరీక్షలో రసాయన శాస్త్రం పోయినది. అందులో ఒక ప్రశ్న పెంటేనుకు అణుసాదృశ్యకాలు వ్రాయుమని. ఈ పిల్ల అయిదు వ్రాసినది. రెండింటిని ఎర్రసిరాతో అడ్డంగా కొట్టివేసినారు. ఎందుకు కొట్టినారో వ్రాయలేదు. అడిగితే సిలబస్ ఇంకా చాలా ఉన్నది, తరువాత చూద్దామన్నారట.

ఒక సాయంకాలం ఆ కాగితం పట్టుకొని మా అరుగు మీదికి వచ్చినది.

"సార్, ఈ మాటకు తెలుగులో అర్థం చెప్పండి. తెలుగులో ఒక్కసారి అర్థమైతే ఇంగ్లీషులో కంఠతా పెట్టుకుంటా."

వెనుకనే వాళ్ల నాయన వచ్చినాడు. "అయ్యవారూ, ఆడబిడ్డను దినామూ బస్సుల్లో తిప్పి, ఫీజులు కట్టి, ఆఖరుకు ఇదా? సంక్రాంతికి మాన్పిస్తా. మిషన్ నేర్చుకుంటే నాలుగు జాకెట్లు కుట్టుకోని బతుకుతుంది" అన్నాడు. మగ్గం మీద కుటుంబం గడవడం ఎంత కష్టమో ఎరిగినవాడిని. ఆయన మాట కఠినంగా ఉన్నదే గాని అన్యాయంగా లేదు. పిల్ల ఏమీ అనలేదు. కాగితం మడిచి, విప్పి, మళ్లీ మడిచినది.

నా దగ్గర ఉన్నది తెలుగు మాత్రమే. దానితోనే మొదలు పెట్టినాను.

మన జిల్లా పేరు వ్రాయమన్నాను. కడప అని వ్రాసినది. అవే మూడు అక్షరాలను వెనుక నుండి చదవమన్నాను. పడక. నవ్వినది. కలప వ్రాయమన్నాను. తిప్పితే పలక. అక్షరాలు అవే, సంఖ్య అదే, వరుస మారితే వస్తువు మారినది. ఒకదాని మీద పండుకోవచ్చు, ఇంకొకటి పొయ్యిలోకి పోతుంది. ఛందస్సులోనూ ఇంతే. ఒక గురువు, రెండు లఘువులు ఇచ్చి మూడక్షరాల గణం కట్టమంటే, గురువు మొదట వస్తే భగణం, నడుమ వస్తే జగణం, చివర వస్తే సగణం. రెండు గురువులు, ఒక లఘువు ఇస్తే య, ర, త గణాలు. అన్నీ గురువులే అయితే మగణం ఒక్కటే, అన్నీ లఘువులే అయితే నగణం ఒక్కటే. 1, 3, 3, 1. పింగళుని ఛందస్సుకు 10వ శతాబ్దిలో వ్యాఖ్య వ్రాసిన హలాయుధుడు మేరుప్రస్తారమని వివరించినది ఈ లెక్కనే. ఇప్పటి గణిత పుస్తకాలు పాస్కల్ త్రిభుజమంటున్నవి.

ప్రొద్దుటూరు శతావధానులు నడయాడిన ఊరు. దుర్భాక రాజశేఖర శతావధాని గారు, గడియారం వేంకటశేషశాస్త్రి గారు అక్కడివారే. అవధానంలో వ్యస్తాక్షరి అని ఒక అంశం ఉన్నది. పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాలను చెదరగొట్టి, ఇది 7వ అక్షరం, ఇది 2వ అక్షరం అని అప్పుడప్పుడు అందిస్తాడు. అవధాని వాటిని మనసులో వరుసకు పెట్టి చివర వాక్యం అప్పగిస్తాడు. ఆ సంఖ్యలు చెప్పకుండా ఉత్త అక్షరాలే ఇచ్చి వాక్యం చెప్పమంటే ఏ అవధాని మాత్రం చెప్పగలడు? కర్బనాలు 5, ఉదజనులు 12 అనే అణుఫార్ములా అట్లాంటి ఉత్త అక్షరాల మూట. ఏది దేనిని పట్టుకొని ఉన్నదో చెప్పేది నిర్మాణ ఫార్ములా. పదార్థం పేరు అడగాలంటే అది తెలియవలెను.

ఇంతవరకు పిల్లకు బాగానే పట్టినది. అప్పుడు కాగితం విప్పి, కొట్టివేసిన బొమ్మ మీద వేలు పెట్టినది.

"మరి ఇదీ అట్లనే గదా సార్? ఒకదాంట్లో కొమ్మ ఎడమ నుంచి రెండో కర్బనానికి పెట్టినా. ఇంకోదాంట్లో కుడి నుంచి రెండో దానికి. కడప, పడక మాదిరే. ఎందుకు కొట్టేసినారు?"

చక్కని ప్రశ్న. ఛందస్సు ఇక్కడికే వచ్చి ఆగుతుంది. పద్యానికి ఎడమ కుడి ఉన్నవి. భగణాన్ని కుడి నుండి చదివితే సగణమవుతుంది, వృత్తం చెడుతుంది. అణువుకు మొదలూ తుదీ ఎవరు పెట్టినారు? దానిని చదివేవారు లేరు. కాగితం మీద మనం ఎడమ నుండి వ్రాయడం మన అలవాటే గాని దాని గుణం కాదు. అయితే ఈ మాట ఇట్లాగే చెబితే పదహారేండ్ల పిల్లకు వేదాంతంగా వినబడుతుంది. మరొక దారి చూడవలసి వచ్చినది. నిజంగానే దారి.

"అమ్మాయీ, పులివెందులలో మీ మేనత్త ఉన్నది కదా. ఎట్లా పోతారు?"

"ప్రొద్దుటూరు నుంచి వచ్చే బస్సు ఇక్కడ ఎక్కి, ముద్దనూరు మీద పోతాం సార్."

సున్నపు ముక్కతో అరుగు మీద నాలుగు చుక్కలు పెట్టి గీత గీసినాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ముద్దనూరు, పులివెందుల. "పోయేటప్పుడు బోర్డు మీద ఏముంటుంది?" ప్రొద్దుటూరు–పులివెందుల. "వచ్చేటప్పుడు?" పులివెందుల–ప్రొద్దుటూరు. "దారులు రెండా?" ఒకటే అన్నది. అని, కాగితం వంక చూచి, కొట్టివేసిన రెండు బొమ్మలలో ఒకదానిని తానే తుడిచినది.

రెండవ బొమ్మకు ఇంకా తక్కువ సేపు పట్టినది. అయిదు కర్బనాలను వరుసగా గీసి ఒకటి వ్రాసినది. అదే వరుసను చివర కొంచెం క్రిందికి వంచి మరొకటి వ్రాసినది. మన జిల్లాలో ఏ దారి తిన్నగా పోతుంది? వంపులున్నంత మాత్రాన ఊళ్ల వరుస మారదు. నిజానికి అణువులోని కర్బనాల వరుస ఎప్పుడూ కర్రలాగా తిన్నగా ఉండదట. వంకరగానే ఉంటుంది, మెలికలు తిరుగుతూనే ఉంటుంది. లెక్కకు వచ్చేది ఏ ఊరికి ఏ ఊరు నేరుగా కలిసినదన్నదే.

నియమం ఒక్కటే పెట్టుకొన్నాము. ప్రతి ఊరు ఒక కర్బనం. దానికి నాలుగు చేతులు. ఒక దారికి ఒక చేయి ఖర్చు. మిగిలిన చేతులకు ఉదజనులు. చివరి ఊరికి దారి ఒకటే, కనుక ఉదజనులు 3. నడుమ ఊరికి రెండు దారులు, ఉదజనులు 2. నాలుగు ఊళ్ల వరుసలో 3, 2, 2, 3, మొత్తం 10. ఇది బ్యూటేన్.

ఇప్పుడు ముద్దనూరుకు రావలెను. అక్కడ ఉత్తరాన జమ్మలమడుగు దారి, దక్షిణాన పులివెందుల దారి, తూర్పున ఎర్రగుంట్ల దారి, పడమట తాడిపత్రి దారి. సరిగా నాలుగు. కర్బనానికి ఇంతకంటె మంచి ఊరు నాకు ఎక్కడా కనబడలేదు. పై నాలుగు ఊళ్ల వరుసకు ముద్దనూరు వద్ద ఎర్రగుంట్లను తగిలిస్తే అయిదు ఊళ్లు, ఒక కొమ్మ. ఇది ఐసోపెంటేన్. ప్రొద్దుటూరును వదలి ముద్దనూరు చుట్టూ నాలుగు దిక్కుల నాలుగు ఊళ్లు పెడితే అదీ అయిదు ఊళ్లే. ఇది నియోపెంటేన్. ముద్దనూరుకు ఒక్క చేయి కూడా ఖాళీ లేదు, ఉదజని ఒక్కటి కూడా రాదు. చుట్టూ ఉన్న నాలుగింటికి మూడేసి. మొత్తం 12. కొమ్మలు లేని వరుసలో కూడా 12. కొమ్మ ఒకటి ఉన్నదానిలోనూ 12. పిల్ల మూడింటినీ రెండేసి మార్లు లెక్కపెట్టినది.

వాళ్ల నాయన గోడకు ఆనుకొని ఇదంతా చూస్తున్నాడు. చీరలు వేసుకొని ఈ దారులన్నీ తిరిగినవాడు. "అయ్యవారూ, ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరుకు రోడ్డుంది కదా. అది గీయలేదే?" అన్నాడు.

నాకు ఎంతో సంతోషమైనది. ఆ గీత కూడా గీసినాము. ముద్దనూరు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల, మళ్లీ ముద్దనూరు. చుట్టుదారి ఏర్పడినది. పులివెందుల దానికి తోకవలె మిగిలినది. కొత్త దారికి రెండు చివరల నుండి ఒక్కొక్క చేయి ఖర్చయినది కాబట్టి రెండు ఉదజనులు పోయినవి. 12 కాదు, 10. ఊళ్లు అవే అయినా ఇది పెంటేన్ కుటుంబం కాదు. పిల్ల పుస్తకం తిరగవేసి దీని పేరు మిథైల్ సైక్లోబ్యూటేన్ కావలెనని తేల్చినది. నాలుగు ఊళ్ల వలయం, ఒక తోక. ఆ పేరు పలకడానికి మా ముగ్గురికీ కొంత సాధన కావలసి వచ్చినది.

సరే, గీతలు బాగున్నవి, వీటి వలన పదార్థంలో ఏమి మారుతుందని మీరు అడుగవచ్చు. ఆ నాయన కూడా అడిగినాడు. మూడు పెంటేనులను మూడు సీసాలలో పోసినామనుకొందాము. వరుసగా ఉన్నది 36 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. ఒక కొమ్మ ఉన్నది సుమారు 28 డిగ్రీల వద్ద. ముద్దనూరు కూడలివంటిది తొమ్మిదిన్నర డిగ్రీలకే. మా జమ్మలమడుగు ఎండాకాలంలో 40 దాటడం విశేషం కాదు. మే నెల మధ్యాహ్నం మూత తీస్తే మూడు సీసాలూ ఆవిరే. మార్గశిర మాసపు రాత్రి ఇరవై డిగ్రీలు ఉన్నప్పుడు చూస్తే మొదటి రెండూ నీళ్లవలె సీసాలో నిలిచి ఉంటవి, మూడవది అప్పటికే గాలిలో కలిసిపోయి ఉంటుంది. అన్నింటిలోనూ కర్బనాలు 5, ఉదజనులు 12, బరువు కూడా ఒకటే.

కారణం కూడా సులభంగానే తెలిసినది. కట్టెల మోపులో కట్టెలు పొడుగునా ఒకదానినొకటి తాకి ఉంటవి. బత్తాయిలను గుట్టపోస్తే అక్కడొక చోట ఇక్కడొక చోట మాత్రమే తాకుతవి. అణువుల మధ్య ఉండే కొద్దిపాటి ఆకర్షణ అవి ఎంత మేర తాకితే అంత. పొడుగు అణువులను విడదీయడానికి వేడి ఎక్కువ కావలెను, గుండ్రనివాటికి తక్కువ చాలు. వంట గ్యాసులో ఉండే రెండు బ్యూటేనులకూ ఇదే న్యాయం. వరుసగా ఉన్నది సున్న డిగ్రీలకు అర డిగ్రీ క్రింద మరుగుతుంది, కొమ్మ ఉన్నది సున్నకు సుమారు 12 డిగ్రీల క్రింద. ఈ కొమ్మ ఉన్న బ్యూటేనే ఆర్-600ఏ అన్న పేరుతో ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో తిరుగుతున్నది. పెట్రోలు బంకులో చెప్పే ఆక్టేన్ సంఖ్యకు 100 అని కొలత పెట్టినది కూడా ఎనిమిది కర్బనాల అణుసాదృశ్యకాలలో కొమ్మలు బాగా ఉన్న ఒకదానికే. కొమ్మలు లేని ఆక్టేను ఇంజనులో వేళకు ముందే అంటుకొని టకటక కొట్టిస్తుంది.

కర్బనాల వరుస మారకుండా దానికి తగిలించిన వస్తువు చోటు మారినా పదార్థం మారుతుంది. ఇది చెప్పడానికి ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు పనికి వచ్చినవి. అయిదు గుండ్ల సరంలో ఒక గుండు తీసి పగడం గుచ్చమంటే ఎన్ని విధాలు? అయిదనిపిస్తుంది. సరాన్ని తిప్పి చూస్తే చివర, చివరకు పక్కన, నడుమ, మూడే. పెంటేను వరుసకు ఆమ్లజనీ ఉదజనీ కలిసిన జంటను తగిలిస్తే వచ్చే ఆల్కహాలులూ ఆ మూడే. మూడు కర్బనాలైతే రెండు. ఆ రెండింటిలో పగడం నడుమ ఉన్నది ఐసోప్రొపైల్ ఆల్కహాలు. 2020లో కరోనా వచ్చినప్పుడు మనమందరం చేతులకు పూసుకొన్న ద్రవాలు కొన్ని దీనితో, కొన్ని ఎథైల్ ఆల్కహాలుతో చేసినవి. ఈ ఎథైల్ ఆల్కహాలే సారాలో ఉండేది. కర్బనాలు 2, ఉదజనులు 6, ఆమ్లజని 1. ఆమ్లజనిని చివర నుండి తీసి రెండు కర్బనాల నడుమ వంతెనగా పెడితే డైమిథైల్ ఈథరు. మొదటిది 78 డిగ్రీల వద్ద మరిగే ద్రవం, రెండవది సున్నకు 24 డిగ్రీల క్రిందనే మరిగే వాయువు. పులివెందుల అరటిపండులో ఉండే గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా ఇట్లాంటి జంటే. ఫ్రక్టోజుకు తీపి ఎక్కువ. వీటి సంగతి విడిగా ఎప్పుడైనా వ్రాస్తాను.

పిల్ల కళాశాల మానలేదు. సంక్రాంతి తరువాత నాయనే బస్సు దాకా వెళ్లి ఎక్కించినాడు. ఫీజు రెండు వాయిదాలుగా కట్టినారు. తరువాతి పరీక్షలో మార్కులు గొప్పగా ఏమీ రాలేదు, గట్టెక్కినది.

ఈ లెక్కలలో నన్ను నిజంగా కదిలించినది ఒకటి ఉన్నది, దానిని పండిత మిత్రుల కోసం అట్టే పెట్టినాను. మీథేను నుండి మొదలుపెట్టి ఒక్కొక్క కర్బనం పెంచుతూ పోతే విధాల సంఖ్య ఇది: 1, 1, 1, 2, 3, 5. మాత్రాఛందస్సు తెలిసినవారికి ఈ అంకెలు పాత చుట్టాలు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఇన్ని మాత్రలను ఎన్ని విధాలుగా కూర్చవచ్చునంటే 1, 2, 3, 5, 8, 13. ముందు రెండూ కలిపితే తరువాతది. ఫిబొనాచ్చి కంటె ఎంతో ముందే విరహాంకుడు చెప్పినాడు, 12వ శతాబ్దిలో హేమచంద్రుడు మళ్లీ చెప్పినాడు. ఏడు కర్బనాల హెప్టేనుకు 8 రావలెనని కదా ఎవరికైనా తోచేది. పిల్ల పుస్తకం చూచి, "తొమ్మిది, సార్" అన్నది.

ఎనిమిది మీద ఒకటి. మాత్రలకు ఉన్నట్టి తేలికైన కూడిక సూత్రం కర్బనానికి లేదు. ఎనిమిది కర్బనాలకు 18, తొమ్మిదికి 35, పదికి 75, ఇరవైకి 3,66,319. ఇంగ్లండులో కేలీ అనే గణితవేత్త 1870లలో ఈ కర్బనపు అల్లికలను చెట్లుగా భావించి లెక్కింపు సాగించినాడు. ప్రస్తారంలో ప్రతి మెట్టుకూ నియమం ఉన్నది, నష్టం ఉద్దిష్టం అని వెనక్కి వచ్చే దారులున్నవి. ఇక్కడ కొమ్మ ఎక్కడ పుట్టునో, పుట్టినది పాతదే తిరగబడి వచ్చినదో చూచుకొంటూ పోవలసినదే.

ఒక ఆదివారం ఆ తొమ్మిదింటినీ అరుగు మీద గీయడానికి కూర్చున్నాము. ఎనిమిది తొందరగానే వచ్చినవి. వరుస ఒకటి, కొమ్మ ఒకటి ఉన్నవి రెండు, కొమ్మలు రెండు ఉన్నవి నాలుగు, మూడు ఉన్నది ఒకటి. తొమ్మిదవది రాలేదు. ఏది గీసినా తిప్పి చూస్తే పాతదే అయ్యేది. పొద్దు వాలినది. నేను కాఫీకి లోపలికి పోయి వచ్చేసరికి పిల్ల అరుగంతా తుడిచి, నడుమ ముద్దనూరు ఒక్కటి పెట్టినది. అక్కడి నుండి జమ్మలమడుగు, దాని వెనుక ప్రొద్దుటూరు. ఎర్రగుంట్ల, దాని వెనుక కమలాపురం. పులివెందుల, దాని వెనుక కదిరి.

"ఇన్నిసార్లూ కొమ్మకు ఒక్క ఊరే పెడుతూ వచ్చినాం సార్. రెండూళ్ల కొమ్మ పెట్టనే లేదు" అన్నది. తరువాత ఒక్కొక్క ఊరి ప్రక్కన ఉదజనులు వేసుకొంటూ పోయినది. ముద్దనూరుకు ఒకటి, నడుమ మూడూళ్లకు రెండేసి, చివరి మూడూళ్లకు మూడేసి. పదహారు.